లోపమున్న వస్తువు వలన గాయపడినవారు, నష్టపరిహార చట్టము, సంఘకాపరి బాధ్యత

ప్రవేశిక

నర్సీపట్నం నుండి చింతపల్లి వెళ్లే దారిలోని ఒక గ్రామములో మా పూర్వ విద్యార్థి ఒకరు సంఘకాపరిగా సేవ చేస్తున్నారు. కొన్నేళ్ల క్రితము మేము ఆ సంఘమును దర్శించినప్పుడు, ఆరాధన ముగిసిన తరువాత ఒక సహోదరి ప్రార్థన కొరకు ముందుకు వచ్చింది. ఆమె కుడి చేయి మోచేతి వరకు కాలి, చర్మము ముడుచుకొనిపోయి ఉన్నది. వ్రేళ్లు పూర్తిగా తెరుచుకొనుట లేదు. ఉదయము పూట ఇంటి ముందు ఇడ్లీలు అమ్ముకొని ఇద్దరు పిల్లలను పోషించుకొంటున్న విధవరాలు ఆమె. ఆరు వారముల క్రితము, కొని మూడు నెలలైనా కాని ప్రెషర్ కుక్కరు పొయ్యి మీదనే పేలిపోయినదట.

మీరేమి చేశారని సంఘకాపరిని అడిగాము. ఒక మంచి కాపరి చేయవలసినదంతా ఆయన చేశారు. ఆటో మాట్లాడి నర్సీపట్నం ఆసుపత్రికి తీసుకొనివెళ్లారు. రాత్రంతా తోడుగా ఉన్నారు. సంఘములో కానుక పట్టి మందులకు ఇచ్చారు. పిల్లలిద్దరిని తన ఇంట ఉంచుకొన్నారు. "కుక్కరు ఏదీ?" అని అడిగాము. "ఆ పాడు వస్తువు ఇంట్లో ఎందుకని పాత ఇనుప సామాన్ల అతనికి ఇప్పించేశానండి అయ్యగారూ" అన్నారు. బిల్లు అడిగితే, దుకాణములో అసలు ఇవ్వలేదన్నారు. తరువాత ఇంకొక సంగతి కూడా ఆయనే చెప్పారు. ప్రమాదము జరిగిన పదవ రోజున దుకాణదారుడు వచ్చి, మూడు వేల రూపాయలు ఇచ్చి, ఒక కాగితము మీద ఆమె వేలిముద్ర తీసుకొన్నాడు. సాక్షి సంతకము మన సంఘకాపరిదే. అందులో ఏమి వ్రాసి ఉన్నదో ఆయన చదవలేదు.

ఆయనను తప్పుపట్టుటకు ఈ సంగతి వ్రాయుట లేదు. ఆ స్థలములో ఉంటే మేమును అదే చేసి ఉండేవారమేమో. మన వేదాంత కళాశాలలలో గ్రీకు, హెబ్రీ భాషలు నేర్పుతాము, ప్రసంగశాస్త్రము నేర్పుతాము. పగిలిన కుక్కరును పారవేయకూడదని మాత్రము ఎవరును నేర్పరు. అయితే మన గ్రామములలో గాయపడినవారి మంచము దగ్గరకు వకీలు కంటె, పోలీసు కంటె ముందుగా చేరేది సంఘకాపరియే. ఆ వ్యక్తికి తరువాత చట్టము సహాయము చేయగలదా లేదా అన్నది చాలావరకు ఆ మొదటి పది రోజులలోనే తేలిపోతుంది. అందుచేత ఈ చట్టము ఏమి చెబుతున్నదో, ఆ పది రోజులలో కాపరి చేయదగినది ఏమిటో ఈ వ్యాసములో వివరించుటకు ప్రయత్నిస్తాము. మేము న్యాయవాదులము కాము. కేసు వేయవలసి వచ్చినప్పుడు న్యాయవాది సలహా తీసుకొనవలసినదే.

పొరుగువాడెవడు అన్న ప్రశ్న న్యాయస్థానములో

ఒకని వస్తువు వలన మరియొకనికి హాని కలిగితే బాధ్యత ఎవరిది అన్న ప్రశ్న మన పాఠకులకు కొత్తది కాదు. నిర్గమకాండము 21వ అధ్యాయములో పొడుచు ఎద్దును గూర్చిన విధి ఉన్నది. ఎద్దుకు పొడిచే అలవాటు ఉన్నదని ముందే తెలిసి కూడ కట్టివేయని యజమానుని బాధ్యత వేరు, తెలియని యజమానుని బాధ్యత వేరు. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము కొత్త ఇల్లు కట్టించువాడు పైకప్పునకు పిట్టగోడ కట్టవలెనని విధిస్తుంది. ఇక్కడ ఎవరును ఇంకా పడిపోలేదు. పడిపోకుండునట్లు చూచుట కట్టినవాని పని. ఈనాటి చట్టములో రూపకల్పన లోపము, హెచ్చరిక ఇవ్వకపోవుట అని పిలుచుచున్న వాటికి ఇవి బహు దగ్గరి బంధువులు అని మాకు అనిపిస్తుంది. అంతకంటె ఆశ్చర్యము నిర్గమకాండము 21:19. గాయపరచినవాడు గాయపడినవానికి పని పోయిన కాలమునకు సొమ్ము ఇచ్చి, వైద్యము చేయించవలెనని అక్కడ ఉన్నది. ఆదాయ నష్టము, వైద్య ఖర్చులు అని నేటి తీర్పులలో కనిపించే రెండు పద్దులును అవే కదా.

ఆధునిక చట్టము మాత్రము చాలా కాలము వేరొక దారిలో నడిచినది. వస్తువు అమ్మినవానికి, కొన్నవానికి మధ్య ఒప్పందము ఉంటుంది. తయారీదారునికి, వాడినవానికి మధ్య ఏ ఒప్పందమును లేదు గనుక బాధ్యతయు లేదు అని వాదించేవారు. ఈ గోడను పడగొట్టిన కేసు స్కాట్లండులో పుట్టినది. 1928 ఆగస్టు 26న పెయిస్లీ పట్టణములోని ఒక కాఫీ దుకాణములో మే డొనోగ్యూ అను స్త్రీకి ఆమె స్నేహితురాలు జింజర్ బీర్ సీసా కొనిపెట్టింది. సీసా ముదురు రంగుది. లోపల ఏమున్నదో కనబడదు. సగము త్రాగిన తరువాత మిగిలినది వంచితే కుళ్లిన నత్త బయటపడినదని, దాని వలన తాను జబ్బుపడినానని ఆమె ఫిర్యాదు. ఆమె పేదరాలు. తన ఆస్తి అయిదు పౌండ్లు కూడ చేయదని ప్రమాణము చేసి, ఖర్చులకు హామీ కట్టకుండ ప్రభువుల సభ వరకు వెళ్లింది. పైగా సీసా కొన్నది ఆమె కాదు. ఒప్పందము మాట ఎత్తితే ఆమెకు ఏ హక్కును లేదు.

1932 మే 26న ముగ్గురు న్యాయమూర్తులు ఆమె పక్షమున, ఇద్దరు వ్యతిరేకముగా తీర్పు చెప్పారు. తీర్పు వ్రాసినవారిలో లార్డ్ అట్కిన్, లూకా సువార్త 10వ అధ్యాయములో ధర్మశాస్త్రోపదేశకుడు అడిగిన ప్రశ్ననే తీసుకొన్నారు. చట్టము దృష్టిలో నా పొరుగువాడు ఎవడు? నేను చేయు పని వలన ఎవరికి హాని కలుగునో ముందే ఆలోచించవలసి ఉన్నదో వారే నా పొరుగువారు అని ఆయన వివరణ. సీసాలో పానీయము నింపి మూత బిగించినవానికి, ఎన్నడును చూడని ఆ త్రాగు మనిషి పొరుగువాడే. నత్త నిజముగా ఉన్నదో లేదో మాత్రము కోర్టులో ఎన్నడును తేలలేదు. విచారణకు రాకముందే రాజీ జరిగినది. రుజువు కాని నత్త మీద ప్రపంచములో సగము దేశముల చట్టము నిలిచి ఉన్నదని న్యాయశాస్త్ర విద్యార్థులు నవ్వుకొంటారు.

మన దేశములోని చట్టము

మన దేశములో 1986 వినియోగదారుల రక్షణ చట్టము వచ్చిన తరువాత సామాన్యునికి జిల్లా ఫోరాలు అందుబాటులోనికి వచ్చాయి. దాని స్థానములో 2019 చట్టము వచ్చి, 2020 జూలై 20 నుండి అమలులో ఉన్నది. పాత చట్టములో లేని ఒక ప్రత్యేక అధ్యాయము ఇందులో ఉన్నది. 82 నుండి 87 వరకు గల సెక్షన్లలో ఉత్పత్తి బాధ్యత గూర్చి వివరముగా చెప్పబడినది.

84వ సెక్షన్ ప్రకారము తయారీలో లోపము ఉన్నా, రూపకల్పనలోనే లోపము ఉన్నా, నిర్ణయించుకొన్న కొలతల ప్రకారము తయారుచేయకపోయినా, వ్రాసి ఇచ్చిన వారంటీకి తగినట్లు లేకపోయినా, ఎట్లు వాడవలెనో ఏమి చేయకూడదో సరిగా తెలుపకపోయినా తయారీదారుడు బాధ్యుడు. పాత చట్టములో నష్టపరిహారము అడిగినప్పుడు ఎదుటివాని నిర్లక్ష్యమును చూపవలసి వచ్చేది. ఫ్యాక్టరీ లోపల ఎవరు నిర్లక్ష్యము చేశారో గొలుగొండలోనో రోలుగుంటలోనో కూర్చున్న కూలి మనిషి ఎట్లు చూపగలడు? ఇప్పుడు వస్తువులో లోపము ఉన్నదని, ఆ లోపము వలననే హాని కలిగినదని చూపవలెను. వారంటీ తప్పిన సందర్భములోనైతే, తాను ఏ నిర్లక్ష్యమును చేయలేదని తయారీదారుడు రుజువు చేసినా బాధ్యత తప్పదని ఆ సెక్షనులోనే ఉన్నది.

హాని అంటే ఏమిటో కూడ చట్టము నిర్వచించినది. మరణము, గాయము, జబ్బు, వాటి వెంట వచ్చే మానసిక వేదన, ఇతర ఆస్తికి నష్టము ఇందులో చేరుతాయి. పగిలిన వస్తువు ఖరీదు మాత్రము ఈ హాని క్రిందికి రాదు. దానిని సాధారణ ఫిర్యాదులో అడుగుకొనవలెను. కొన్నవారే కానక్కరలేదు, కొన్నవారి అనుమతితో వాడినవారును వినియోగదారులే. తల్లి కొన్న వస్తువు వలన బిడ్డ గాయపడితే బిడ్డ పక్షమున తల్లి ఫిర్యాదు చేయవచ్చును. వినియోగదారుడు చనిపోతే వారసులు చేయవచ్చును.

మన సహోదరి విషయములో ఒక సందేహము కలుగుతుంది. ఆమె ఇడ్లీల వ్యాపారము చేస్తుంది కదా, వ్యాపారము కొరకు కొన్నవారు వినియోగదారులు కారు కదా అని. స్వయముగా పనిచేసుకొని జీవనోపాధి కొరకు వాడుకొనే వస్తువు ఈ మినహాయింపులోనికి రాదు. లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో 1995లోనే సుప్రీంకోర్టు దీనిని వివరించినది. కుట్టుమిషను పెట్టుకొన్న స్త్రీ, సొంత ఆటో నడుపుకొనే యువకుడు, టీ బడ్డీ నడుపుకొనే వృద్ధుడు వీరందరును వినియోగదారులే.

ఇక అమ్మినవాని సంగతి. మన్యము నుండి దిగివచ్చే వారికి నర్సీపట్నమే బజారు. అక్కడి దుకాణములలో పేరున్న కంపెనీల వస్తువుల ప్రక్కనే, ఏ ఊరిలో ఎవరు చేశారో తెలియని స్టవ్వులు, నీళ్లు కాచుకొనే హీటర్ రాడ్లు, చార్జర్లు అమ్ముతారు. 86వ సెక్షన్ ప్రకారము తయారీదారుడు ఎవరో తెలియనప్పుడు, లేదా తెలిసినను అతనికి నోటీసు అందజేయలేనప్పుడు, లేదా అతడు మన దేశ చట్టమునకు లోబడనివాడైనప్పుడు అమ్మినవాడే బాధ్యత వహించవలెను. వస్తువును మార్చి అమ్మినా, బిగించుటలో జాగ్రత్త తీసుకొనక అది హానికి కారణమైనా అతనిదే బాధ్యత. బిల్లు ఇవ్వకపోవుటను కూడ 2019 చట్టము అనుచిత వ్యాపార పద్ధతిగా పేర్కొన్నది. కాబట్టి బిల్లు లేదని నిరాశపడనక్కరలేదు. దుకాణపు సంచి, అట్టపెట్టె, వారంటీ కార్డు మీద ముద్ర, ఫోన్ ద్వారా డబ్బు చెల్లించిన సందేశము, కొన్నప్పుడు వెంట ఉన్నవారి సాక్ష్యము ఇవన్నియు ఉపయోగపడతాయి.

కంపెనీల వాదము కూడ మనకు తెలిసి ఉండవలెను. 87వ సెక్షన్ వారికి కొన్ని రక్షణలు ఇచ్చుచున్నది. హాని కలిగిన సమయమునకు వస్తువు దుర్వినియోగమై ఉన్నా, మార్పు చేయబడి ఉన్నా అమ్మకందారుని మీద ఉత్పత్తి బాధ్యత నిలువదు. సాధారణముగా అందరికి తెలిసిన అపాయమును గూర్చి హెచ్చరించలేదని తయారీదారుని పట్టుకొనలేము. మద్యపు మత్తులో వాడిన సందర్భము కూడ ఈ మినహాయింపులలో ఉన్నది. కుక్కరు కేసులలో మొదట వచ్చే ప్రశ్న సేఫ్టీ వాల్వును గూర్చినదే. వీధిలో దొరికే పది రూపాయల వాల్వు వేయించి ఉంటే కేసు బలహీనమవుతుంది. ఇది దాచి కేసు వేయుట తగదు. దాచినా పరీక్షలో బయటపడుతుంది. కుక్కర్లకు ఐఎస్ఐ గుర్తు 2021 ఫిబ్రవరి 1 నుండి తప్పనిసరి. ద్విచక్ర వాహనదారుల హెల్మెట్లకు అదే సంవత్సరము జూన్ 1 నుండి. ఆ తేదీల తరువాత తయారై అమ్మబడిన వస్తువు మీద గుర్తు లేకపోతే అది మన పక్షమున పెద్ద సాక్ష్యము.

సాక్ష్యమును గూర్చి

మేము ఎక్కువగా చెప్పదలచినది ఇక్కడనే. కోర్టు ముందు ప్రధాన సాక్షి ఆ వస్తువే. దానిని కడుగకూడదు, బాగుచేయించకూడదు, విడిభాగములను కలిపి బిగించి చూడకూడదు. పడి ఉన్నచోటనే నాలుగు వైపుల నుండి ఫోటోలు తీయించి, ముక్కలన్నిటిని ఏరి, గోనెసంచిలో మూటగట్టి, తేదీ వ్రాసిన కాగితము పెట్టి భద్రపరచవలెను. కుక్కరు అయితే మూత, రబ్బరు, విజిలు, వాల్వు అన్నియు కావలెను. చిన్న ముక్కయే అసలు సంగతి చెప్పవచ్చును. కంపెనీ మనిషి వచ్చి పరీక్షకు తీసుకొనివెళ్తానంటే ఇవ్వకూడదు. వచ్చి చూచుకొనవచ్చును, ఫోటోలు తీసుకొనవచ్చును. వస్తువు మాత్రము మన దగ్గరనే ఉండవలెను. లోపము పరీక్ష వలన మాత్రమే తేలునదైతే కమిషనే దానిని సీలువేసి ప్రయోగశాలకు పంపుతుంది.

అయితే వస్తువు మిగలనప్పుడు? ఇందుకు మన రాష్ట్రపు రైతుల కేసు ఒకటి ఉన్నది. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ విత్తనములు కొని నష్టపోయిన రైతులు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కర్నూలు, మహబూబ్‌నగర్ మొదలైన జిల్లాల ఫోరాలలో ఫిర్యాదులు చేశారు. విత్తనములను ప్రయోగశాలకు పంపలేదు గనుక ఫిర్యాదు చెల్లదని కార్పొరేషన్ వాదించినది. 2012 జనవరిలో సుప్రీంకోర్టు ఆ వాదనను త్రోసివేసినది. రైతు కొన్న విత్తనమంతా పొలములో చల్లివేస్తాడు, మొలకెత్తదేమోనని కొంత దాచిపెట్టుకొనడు కదా అన్నది దాని సారాంశము. రైతులు వ్యాపారము కొరకు కొన్నారు అన్న వాదనను కూడ అంగీకరించలేదు. ఇది గాయముల కేసు కాదు, పంట నష్టపు కేసు. అయినను అసాధ్యమైన సాక్ష్యమును చట్టము అడుగదని దీనిని బట్టి తెలుస్తుంది. మన సహోదరి కుక్కరు సంగతి వేరు. అది ఉండెను, మనమే పోగొట్టుకొన్నాము. అందుచేత ఈ తీర్పును చూపించి ధైర్యము చెప్పుట కష్టము.

మరియొక తీర్పును కూడ చెప్పవలసి ఉన్నది. 2015లో కొన్న ఒక కారు 2017లో ప్రమాదమునకు గురైనప్పుడు ముందు ఎయిర్ బ్యాగులు తెరుచుకొనలేదు, నడుపుతున్నవారికి గాయములయ్యాయి. ఢిల్లీ రాష్ట్ర కమిషన్ వైద్య ఖర్చులకు, ఆదాయ నష్టమునకు కలిపి 2 లక్షల రూపాయలు, మానసిక వేదనకు 50 వేలు, వ్యాజ్యపు ఖర్చులకు 50 వేలు ఇవ్వవలెనని, వాహనమును కూడ మార్చవలెనని ఆదేశించినది. 2022 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు హ్యుందాయ్ మోటార్ ఇండియా అప్పీలును కొట్టివేసినది. వేగమును, తాకిడి బలమును లెక్కగట్టుటకు వినియోగదారుడు భౌతికశాస్త్ర పండితుడు కానక్కరలేదన్న భావమును కోర్టు అక్కడ వెల్లడించినది. చదువు లేనివారి పక్షమున నిలువబడు కాపరికి ఈ మాట ఎంతో ఆదరణ.

ఆసుపత్రిలో చేర్చునప్పుడు కారణమును స్పష్టముగా వ్రాయించవలెను. కేవలము కాలిన గాయము అని కాక, ఏ వస్తువు పేలినది, ఎన్ని గంటలకు పేలినది అన్న వివరము ఉండవలెను. స్త్రీలు కాలిన కేసులలో పోలీసులకు సమాచారము వెళ్తుంది. భయపడి "కాలు జారి పడింది" అని వ్రాయించిన కుటుంబములను మేము చూచాము. తరువాత ఆ ఒక్క మాటే కేసును చంపుతుంది. మందుల బిల్లులు, డిశ్చార్జి కాగితములు, ఆటో ఛార్జీల లెక్క ఒక నోటుపుస్తకములో ఉంచుట కాపరి భార్యయైనా చేయగలదు. ఎన్ని రోజులు పనికి వెళ్లలేదో కూడ వ్రాయవలెను. కూలివారికి జీతపు పత్రము ఉండదు. ఇంటి పని చేసుకొనే స్త్రీకి అసలు ఆదాయమే లేదనుకొనుట పొరపాటు. మోటారు ప్రమాదముల కేసులలో సుప్రీంకోర్టు గృహిణి శ్రమకు విలువ కట్టవలెనని పలుమార్లు చెప్పినది, 2021 జనవరిలో కీర్తి కేసులోను అదే చెప్పినది.

గ్యాసు ప్రమాదము సంగతి ప్రత్యేకము. ప్రభుత్వ రంగ చమురు సంస్థలు తమ వినియోగదారుల కొరకు బీమా తీసుకొని ఉంటాయి. దానికి మనము ప్రత్యేకముగా కట్టేది ఏమియు లేదు. గ్యాసు మూలముగానే ప్రమాదము జరిగినప్పుడు మరణించిన ఒక్కొక్కరికి 6 లక్షల రూపాయలు, వైద్యమునకు ఒక్కొక్కరికి 2 లక్షల వరకు, ఒక ప్రమాదమునకు మొత్తము 30 లక్షలకు మించకుండ, నమోదైన చిరునామాలోని ఆస్తి నష్టమునకు 2 లక్షల వరకు ఈ బీమాలో ఉన్నది. వెంటనే డిస్ట్రిబ్యూటరుకు వ్రాతపూర్వకముగా తెలియజేసి, రసీదు తీసుకొనవలెను. గ్యాసు లీకు అత్యవసర ఫోను 1906. మన సంఘములలో ఎందరికో ఈ బీమా ఉన్నదనియే తెలియదు. ఆదివారము ప్రకటనలలో ఒకసారి చెప్పుటకు రెండు నిమిషములు చాలు.

విశ్వాసి కోర్టుకు వెళ్లవచ్చునా?

ఈ ప్రశ్న తప్పక వస్తుంది. మొదటి కొరింథీయులకు 6వ అధ్యాయమును చూపించి, నష్టమును సహించుటయే మేలని చెప్పే పెద్దలు ప్రతి సంఘములోను ఉన్నారు. మేము ఈ వాక్యభాగమును తేలికగా తీసుకొనుట లేదు. అయితే అక్కడ పౌలు మాటలాడుచున్నది సహోదరుడు సహోదరుని మీద వ్యాజ్యమాడుటను గూర్చి. ఎక్కడో నగరములో ఉన్న కుక్కర్ల కంపెనీ కొరింథు సంఘ సభ్యుడు కాదు. ఆ పౌలే అపొస్తలుల కార్యములు 25వ అధ్యాయములో తన పౌరహక్కును బట్టి కైసరు ఎదుట చెప్పుకొందునన్నాడు. ఒక మాట అదనముగా: నష్టమును సహించుమని చెప్పే పెద్ద తన చేయి కాలినప్పుడు చెప్పితే దానికి బరువు ఉంటుంది. విధవరాలి చేయి కాలినప్పుడు చెప్పుట సులభము.

కష్టమైన సందర్భము వేరొకటి. నర్సీపట్నం వంటి ఊరిలో అమ్మిన దుకాణదారుడు అదే సంఘములో పెద్ద కావచ్చును. అప్పుడు పౌలు మాట నిజముగానే మన మీదికి వస్తుంది. ఇక్కడ చట్టములోని విభజనయే కొంత సహాయము చేస్తుంది. కంపెనీ ఎవరో తెలిసి, దుకాణదారుడు వస్తువును మార్చకుండ, వేరే హామీ ఇవ్వకుండ, ఉన్నది ఉన్నట్లు అమ్మి ఉంటే అసలు బాధ్యత తయారీదారునిది. దుకాణదారుడు ప్రతివాదిగా కాక, ఇది నా దుకాణములోనే కొన్నారని చెప్పే సాక్షిగా నిలువవచ్చును. అతనిని అందుకు సిద్ధపరచుట కాపరి చేయదగిన పని. బిల్లు ఇవ్వనందుకు, నాసిరకపు సరుకు తెచ్చినందుకు అతని బాధ్యత ఉంటే, అక్కడ సంఘములోనే మాటలాడుకొనుట మంచిది. చట్టమును కూడ మధ్యవర్తిత్వమునకు స్థానము ఇచ్చినది. ఇరుపక్షములు అంగీకరిస్తే కమిషన్ కేసును మధ్యవర్తిత్వమునకు పంపుతుంది.

రాజీ తప్పు కాదు. చదవని కాగితము మీద వేలిముద్ర వేయించుట తప్పు. పూర్తిగా ముట్టినది, ఇకపై ఏ కోర్టులోను అడుగను అన్న వాక్యము ఉన్నదేమో చూడకుండ కాపరి సాక్షి సంతకము చేయకూడదు. వైద్యము ముగియక ముందు పూర్తి రాజీ వద్దు. కాలిన గాయములలో అసలు ఖర్చు చర్మము ముడుచుకొన్న తరువాత చేయవలసిన ఆపరేషనుకు అవుతుంది. తక్షణ సహాయముగా సొమ్ము ఇస్తానంటే, తక్షణ సహాయము కొరకు మాత్రమే అని వ్రాయించి తీసుకొనవచ్చును.

ఎక్కడికి వెళ్లవలెను

జిల్లా కమిషన్‌కు ఫిర్యాదు చేయుటకు రెండు సంవత్సరముల గడువు ఉన్నది. తగిన కారణము చూపిస్తే ఆలస్యమును క్షమించవచ్చును గాని దాని మీద ఆధారపడకూడదు. ఫిర్యాదుదారుడు నివసించే స్థలము ఏ కమిషన్ పరిధిలో ఉన్నదో అక్కడనే వేయవచ్చును. కంపెనీ ఉన్న నగరమునకు పోనక్కరలేదు. ఉమ్మడి జిల్లా రోజులలో ఈ ప్రాంతమువారు విశాఖపట్నంలోని ఫోరానికి వెళ్లేవారు. 2022 ఏప్రిల్ 4న నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోనికి, చింతపల్లి, కొయ్యూరు అల్లూరి సీతారామరాజు జిల్లాలోనికి వెళ్లాయి. తమ మండలము ఏ కమిషన్ క్రిందికి వచ్చునో జాతీయ వినియోగదారుల సహాయ ఫోను 1915లో కనుగొనవచ్చును. ఇంటర్నెట్ ద్వారా ఈ-జాగృతిలో కూడ ఫిర్యాదు వేయవచ్చును.

రుసుమును గూర్చి పేదలకు ఒక శుభవార్త ఉన్నది. అడిగే పరిహారమును బట్టి కాక, వస్తువుకు చెల్లించిన ధరను బట్టి కమిషన్ పరిధియు రుసుమును నిర్ణయమవుతాయి. చెల్లించిన ధర 50 లక్షల రూపాయల వరకు ఉంటే జిల్లా కమిషనే. 5 లక్షల వరకు అసలు రుసుమే లేదు. రెండు వేల రూపాయల కుక్కరు వలన పది లక్షల హాని కలిగితే, ఆ పది లక్షలు అడుగుటకు ఒక్క రూపాయి రుసుము కట్టనక్కరలేదు. 2025లో సుప్రీంకోర్టు ఈ పద్ధతిని సమర్థించినది. న్యాయవాది తప్పనిసరి కాదు. అయినను గాయముల కేసులో న్యాయవాది ఉండుట మేలు. స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డ్ కులములు, తెగలవారు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయ సహాయమునకు అర్హులు. నర్సీపట్నం కోర్టులోని మండల న్యాయసేవా కమిటీని అడుగవచ్చును, లేదా 15100కు ఫోన్ చేయవచ్చును.

నోటీసు అందిన తరువాత ప్రతివాది 30 రోజులలో, మహా అయితే మరి 15 రోజులలో జవాబు ఇవ్వవలెను. ప్రయోగశాల పరీక్ష అవసరమైతే అయిదు నెలలలో, లేకపోతే మూడు నెలలలో తేల్చుటకు ప్రయత్నించవలెనని చట్టములో ఉన్నది. ఆచరణలో సంవత్సరములు పట్టుట మేము చూచాము. ఆ సంగతి మొదటనే కుటుంబమునకు చెప్పవలెను. ఉత్తర్వును పాటించనివారికి ఒక నెల నుండి మూడు సంవత్సరముల వరకు జైలు, లేదా 25 వేల రూపాయలకు తగ్గకుండ లక్ష వరకు జరిమానా, లేదా రెండును విధించవచ్చును.

ఆ ఇడ్లీల సహోదరి కేసు వేయలేదు. కుక్కరు లేదు, బిల్లు లేదు, ఉన్న ఒక్క కాగితమును దుకాణదారుని దగ్గర ఉన్నది. న్యాయవాది ఒకరు చూచి, వేయవచ్చును గాని నిలుచుట కష్టమన్నారు. ఆమె ఎడమ చేతితో పిండి రుబ్బుకొనుట నేర్చుకొన్నది. క్రిందటి సంవత్సరము మేము మరల ఆ గ్రామమునకు వెళ్లినప్పుడు సంఘకాపరి ఇంటి అటక మీద ఒక గోనెసంచి కనబడినది. ఇంకొక కుటుంబములో నీళ్ల హీటర్ రాడ్ వలన ఒక అబ్బాయికి షాకు కొట్టి చేయి కాలినదట. కాలిన రాడ్డు, ప్లగ్గు, అట్టపెట్టె అన్నియు ఆ సంచిలో ఉన్నాయి. పైన కట్టిన అట్టముక్క మీద తేదీ, సమయము, అప్పుడు అక్కడ ఉన్న ముగ్గురి పేర్లు ఆయన చేతివ్రాతలోనే ఉన్నాయి. ఫిర్యాదు వేశారు. రాడ్డును పరీక్షకు పంపమని కమిషన్ అడిగే వరకు దానిని ఎవరిని ముట్టుకొననివ్వనని ఆయన చెప్పారు.